దారంతో కట్టిన చిన్న పానా

మన బడిలో ఆటల గది అంటే హెడ్మాస్టరు గది వెనకున్న ఇరుకు కొట్టు. తలుపు తీయగానే తోలు వాసనా సున్నం వాసనా కలిసి వచ్చేవి. ఉన్న రెండు వాలీబాళ్లలో ఒకటి కుట్లు ఊడి, చెప్పులు కుట్టే తాత దగ్గరే ఎక్కువ రోజులు ఉండేది. గాలి కొట్టించాలంటే సైకిలు షాపుకి పరుగు. కబడ్డీ, ఖోఖోల్లో మనవాళ్లు అంత బాగా ఆడారంటే, వాటికి ఏమీ కొనక్కర్లేకపోవడం కూడా ఒక కారణమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

1993లో నేను తొమ్మిదో తరగతి. 800 మీటర్ల పరుగుకి జోనల్స్‌కి, అంటే జోను స్థాయి బడుల పోటీలకి, ఎంపికయ్యాను. అప్పటిదాకా ఉత్త కాళ్లతోనే పరిగెత్తాను. మన గ్రౌండులో పల్లేరుకాయల సంగతి మీకు చెప్పాలా? ఒకరోజు పీఈటీ సారు పాత పేపరులో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టారు. తనతో పాటు ట్రైనింగ్ అయిన స్నేహితుడు పరుగు మానేశాడట, ఆయన వాడిన స్పైక్స్, అంటే అడుగున మేకులుండే పరుగు బూట్లు అవి. మడమల దగ్గర అరిగాయి. కానీ మట్టి లేకుండా తుడిచి, కొత్త లేసులు ఎక్కించి ఉన్నాయి. ఎడమ బూటుకి నల్లదారంతో చిన్న పానా కట్టి ఉంది. వెంట ఒక అగ్గిపెట్టె, అందులో నాలుగు కొత్త మేకులు. అరిగిన మేకు విప్పి కొత్తది బిగించుకోవడానికన్నమాట. ఆ పానా లేకపోతే ఏడాది తిరక్కుండానే ఆ బూట్లు మూల పడేవి.

అవి 8 సైజు, నా పాదం 5. అమ్మ పాత చీర చింపి ఇచ్చింది. ముందు భాగంలో గుడ్డ కుక్కి పరిగెత్తాను. మూడో స్థానం వచ్చింది. నా తర్వాత ముగ్గురు ఆడపిల్లలు అవే వేసుకున్నారు. ఇచ్చినాయన్ని మేమెవరం చూడలేదు. వాటిని వేసుకోబోయే మనిషి గురించి ఆయన ఎంతసేపు ఆలోచించి ఉంటాడో అని మాత్రం ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

హైదరాబాదులో ఉద్యోగంలో చేరాక తెలిసినవాళ్ల ఇళ్లలో వాడకుండా పడి ఉన్న ఆటసామాను అడిగి తెచ్చి, ఏటా జూన్‌లో బడికి పంపడం మొదలుపెట్టాను. ఒక ఏడాది వేరేచోటి నుంచి కూడా బడికి పెద్ద పెట్టె వచ్చింది. నేను వెళ్లినరోజే విప్పారు. జత లేని బూట్లు, పిడి విరిగిన బ్యాట్లు, చెమటకి బిరుసెక్కిన ప్యాడ్లు. పిల్లలు ఒక్కొక్కటీ తీసి చూసి మాట్లాడకుండా పక్కన పెడుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాన్ని అక్కణ్ణుంచి తీయించడానికి ఆటో ఖర్చు కూడా బడిమీదే పడింది.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా అమ్మాయి, గురుకులంలో చదువుకునే మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్ల కొండలెక్కడం నేర్చుకున్నది మన భువనగిరి గుట్ట మీదే. ఆ ఏడాది మన బడి పిల్లలకీ కొండల మీద మోజు పుట్టింది. ట్రెక్కింగుకి వెళ్లే మా ఆఫీసువాళ్లు తాళ్లు, హెల్మెట్లు, బూట్లు ఇస్తామన్నారు. అప్పుడే నేనూ కొన్ని నేర్చుకున్నాను. నైలాన్ తాడు వాడకుండా దాచినా పదేళ్లు దాటితే నమ్మకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగానే కనిపిస్తుంది కానీ లోపలి ఫోము నలిగిపోయి ఉంటుంది. చాలా ట్రెక్కింగ్ బూట్ల అడుగున ఉండే పాలీయురేథేన్ అనే మెత్తని ప్లాస్టిక్ గాలిలోని తేమకే విరిగిపోతుంది. అటక మీద ఏళ్లుగా ఉన్న కొత్త బూట్లయినా రెండడుగులు వేసేసరికి పొడిపొడిగా రాలొచ్చు. తాళ్లూ హెల్మెట్లూ వద్దని చెప్పేశాను. పిల్లల ప్రాణం విషయంలో మొహమాటం లేదు. బూట్లను మాత్రం ముందు నేను వంచి, తొక్కి చూసి తీసుకున్నాను. గుడారాలు, వీపున వేసుకునే రక్‌సాకు సంచులు, కోట్లు బాగా పనికొచ్చాయి.

ఇప్పుడు ఏది తెచ్చినా ఉతికి, జతలు కలిపి, సైజు చీటీ అంటించి పంపుతాను. బంతులతో పాటు పంపూ, రెండు సూదులూ. క్రికెట్ బ్యాటుతో అవిసె నూనె సీసా.

ఈసారి పీఈటీ మేడమ్ రాసిచ్చిన జాబితాలో ఖోఖో అమ్మాయిలకి మోకాలి క్యాపులు 12, వాలీబాల్ నెట్టు ఒకటి, ఆడపిల్లల స్పైక్స్ 4, 5, 6 సైజుల్లో ఒక్కో జత ఉన్నాయి. 5 సైజు జత ఇంకా దొరకలేదు. మీ ఇంట్లో ఎవరివైనా ఉంటే, వాటి పానా కూడా ఒకసారి వెతికి పెట్టండి.