ఏడో తరగతికి ఆమ్లాలు, క్షారాలు: పసుపు, మందారంతో పాఠం నడిపిన నా అనుభవం

ఈ టర్మ్‌లో మా ఏడో తరగతి పిల్లలకు ఆమ్లాలు, క్షారాల పాఠం నడుస్తోంది. లిట్మస్ కాగితాలు చేతికిస్తే ఒక్క పీరియడ్‌లో ముగిసిపోతుంది గానీ, పిల్లలు రంగు చూసి రాసుకుంటారే తప్ప సూచిక, అంటే రంగు మారి ఆమ్లమో క్షారమో చెప్పే పదార్థం, ఏంటో పట్టుకోరు. అందుకే హన్మకొండ పక్కనున్న మా బడిలో సూచికలను వాళ్లతోనే తయారు చేయిస్తాను.

ముందు పసుపు. కొమ్ములు గిర్నీ పట్టించిన పసుపు తెమ్మంటాను. పిండి కలిసిన లూజు పసుపైతే రంగు పాలిపోతుంది. పసుపును నీళ్లలో కలిపి పూస్తే కాగితం మచ్చలు మచ్చలుగా వస్తుంది, ఎందుకంటే పసుపులోని కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు. స్పిరిట్‌లో కరుగుతుంది. 20 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో ఒక చెంచా పసుపు కలిపి, ఐదు నిమిషాలు ఆగి, పైన తేరిన దాంట్లో వడపోత కాగితాన్ని ముంచాలి. ఈ పని టీచరే చేయాలి, దగ్గర్లో మంట ఉండొద్దు. నున్నటి చార్టు కాగితం రంగు పీల్చదు. ఎండలో ఆరబెడితే పసుపు వెలిసిపోతుంది కాబట్టి నీడలోనే ఆరనిచ్చి, వేలెడు ముక్కలుగా కత్తిరించాలి.

ఇక సున్నపు నీళ్లు. పాన్‌డబ్బాలో దొరికే తడి సున్నం అర చెంచా, ఒక గ్లాసు నీళ్లు. కలిపి రాత్రంతా వదిలేస్తే పొద్దున పైతేట స్వచ్ఛంగా ఉంటుంది. ఇంకాస్త సున్నం వేస్తే ఇంకా గాఢంగా వస్తుందనుకుంటారు పిల్లలు, కానీ లీటరు నీటిలో రెండు గ్రాములు కూడా కరగదు, మిగిలిందంతా అడుగునే. గోడలకు వేసే పొడి సున్నం మాత్రం వాడనివ్వను: నీళ్లు తగలగానే కాగుతుంది, చిట్లి కంట్లో పడితే చూపుకే ముప్పు.

కాగితం మీద సున్నపు నీటి చుక్క వేయగానే ఎర్రబడుతుంది. పెళ్లిలో కాళ్లకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇదే రసాయనం అంటే క్లాసులో సగం మంది ముందే చెప్పేస్తారు. చాకలి సోడా, బట్టల సబ్బు కూడా ఎరుపే చూపిస్తాయి. షాంపూలు చాలావరకు చూపించవు, సబ్బు లాంటిదే కదా అని పిల్లలు వాదనకు దిగుతారు.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. నిమ్మరసం వేస్తే కాగితం పసుపుగానే ఉంటుంది. ఉప్పు నీళ్లు వేసినా అంతే, చక్కెర నీళ్లు వేసినా అంతే. "ఎర్రబడలేదు సార్, కాబట్టి ఆమ్లం" అని రాసేస్తారు. పసుపు కాగితం క్షారాన్ని పట్టిస్తుంది, ఆమ్లానికీ తటస్థానికీ (రెండూ కానిదానికీ) తేడా చెప్పదు. పరీక్ష పేపర్లలో కూడా ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది ఈ ఒక్క దగ్గరే. అందుకని రెండో సూచిక లేకుండా పట్టిక నింపనివ్వను.

రెండోది మందారం. పది ఎర్ర మందారాల రేకలు మాత్రమే తీసుకుని, ఆకుపచ్చ తొడిమలు, పుప్పొడి కాడ తీసేసి, 200 మిల్లీలీటర్ల వేడి నీళ్లలో పావుగంట నానబెట్టి బట్టతో వడకట్టాలి. నీళ్లే చాలామందిని దెబ్బతీస్తాయి. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు ఉంటాయి, కాచిన కొద్దీ నీటి క్షారగుణం పెరిగి, ద్రావణం మొదటే నీలంగానో మురికి ఆకుపచ్చగానో మారుతుంది. ఫిల్టరు నీళ్లు వాడాలి. నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ వేస్తే ఈ ద్రావణం ముదురు గులాబీ రంగు తిరుగుతుంది, సున్నపు నీళ్లకు ఆకుపచ్చగా మారుతుంది, ఉప్పు నీళ్లకు చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. మర్నాటికే రంగు మందగిస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే. రుచి చూసి తేల్చడం ఇంటి దగ్గర నిమ్మకాయకే, బడిలో దేనికీ వద్దు.

తటస్థీకరణకు, అంటే ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి విరిచేయడం చూపడానికి, చుక్కలు లెక్కపెట్టిస్తాను. పది చుక్కల సున్నపు నీళ్లలో చిటికెడు పసుపు వేసి ఎర్రబడ్డాక నిమ్మరసం పోయాలి. పచ్చి నిమ్మరసమైతే ఒక్క చుక్కకే రంగు విరిగిపోయి లెక్కకు అర్థం లేకుండా పోతుంది. ఒక చెంచా రసానికి ఇరవై చెంచాల ఫిల్టరు నీళ్లు కలిపితే, రమారమి పది చుక్కలకు ఎరుపు పోయి పసుపు తిరిగొస్తుంది. కాయను బట్టి ఒకటి రెండు చుక్కలు అటూ ఇటూ అవుతాయి, ఆ తేడాను కూడా ప్రాజెక్టు పనిలో రాయమంటాను.

చివర్లో మట్టి. చౌడు నేల ఉన్న ఇళ్ల పిల్లలను పిడికెడు తెమ్మంటాను. ఒక వంతు మట్టికి రెండు వంతుల ఫిల్టరు నీళ్లు కలిపి తేరనిచ్చి, పైనీళ్లలో పసుపు కాగితం ముంచితే చౌడు బాగా ఎక్కువగా ఉంటే ఎర్రజీర కనిపిస్తుంది. మామూలు నల్లరేగడి, చెలక మట్టికి ఏమీ కనిపించదు. ఎర్రమట్టి నీళ్లు బాగా తేరకముందే ముంచితే మట్టి రంగునే ఫలితం అనుకుంటారు, కాబట్టి అదనంగా ఒకసారి వడకట్టించాలి.