గ్లాసు మీద ఎర్రచుక్క

మాది ఉలవపాడు పక్కన పల్లె. పుట్టింది ప్రకాశం జిల్లాలో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు ఇల్లు కదలకుండానే నెల్లూరోళ్లమైపోయాం. మా నాయన మామిడి తోటలు కౌలుకి పట్టి, ఎండాకాలం హైవే పక్కన పందిరేసి బంగినపల్లి కాయలు అమ్ముతాడు. ఆ కాయల డబ్బుకి బ్యాంకు లోను కలిపి 2023 సెప్టెంబరులో నన్ను ఎమ్మెస్సీకి ఇంగ్లండు పంపించారు. లెస్టర్ అనే ఊరు.

ఆరు నెలలకి మించి ఉండేవాళ్లు టీబీ లేదని సర్టిఫికెట్ పెట్టాలి, లేకపోతే ఆ దేశం వీసా ఇవ్వదు. అందుకని పోయేముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నా. ఏమీ లేదని రాసిచ్చారు. ఆ కాగితం మీద నాకెంత నమ్మకమంటే, జనవరిలో రోజూ సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతుంటే చలిదేశం కదా, అలవాటు పడాలిలే అనుకున్నా. వారానికి ఇరవై గంటలు గోడౌన్‌లో పని, మిగతా టైమంతా అసైన్‌మెంట్లు, తిండంటే నూడుల్స్. చిక్కిపోయానంటే చిక్కిపోనా మరి? కానీ అర్ధరాత్రి దుప్పటి పిండితే నీళ్లు కారేంత చెమట పట్టడం మొదలైంది. హీటర్ కట్టేసిన గదిలో, బయట మంచు పడుతుంటే. గట్టిగా గాలి పీల్చుకుంటే కుడి డొక్కలో పొడిచినట్టు నొప్పి.

మొదట పారాసిటమాల్ ఇచ్చారు, తర్వాత యాంటీబయాటిక్. మూడోసారి పోతే ఎక్స్‌రే తీశారు. కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లగా మబ్బు కమ్మినట్టుంది. వీపులోంచి సూది గుచ్చి ముప్పావు లీటరు నీరు తీశారు. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ల రంగు. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర ముక్క కూడా తీసి ల్యాబుకి పంపించి, ఫిబ్రవరి మొదటి వారంలో పిలిచి చెప్పారు, టీబీ అని.

క్రిమి లోపలుండి ఏళ్ల తరబడి నిద్రపోతుందంట. అట్టాంటి వందమందిలో ఐదు నుంచి పదిమందికి మాత్రం ఎప్పుడో ఒకప్పుడు నిద్ర లేస్తుందంట. నిద్రపోయే క్రిమి ఎక్స్‌రేకి ఎట్టా దొరుకుతుంది? నీకు ఎవరినుంచి వచ్చుంటుందో ఇప్పుడు చెప్పలేం అన్నారు. ఊపిరితిత్తి చుట్టూ పొరలో ఉంది, తెమడలో క్రిమి లేదు, కాబట్టి నీ నుంచి ఎవరికీ అంటదు అని కూడా చెప్పారు. ఆ మాట నాకు వినపడింది గానీ ఎక్కలేదు. వైద్యం పూర్తిగా ఉచితం. అక్కడ టీబీకి ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు.

రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు రెండు మందులు. పొద్దున్నే పరగడుపున. రిఫాంపిసిన్ వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుందని నర్సమ్మ ముందే చెప్పింది. కన్నీళ్ల గురించి కూడా చెప్పే ఉంటుంది, నేను వినలేదు. మూడోరోజు అమ్మతో ఫోన్లో మాట్లాడి, కళ్లు తుడుచుకున్న టిష్యూ చూసుకుంటే లేత నారింజ మరక. భయపడి ఏడుపు ఆపేశా. ఇథాంబ్యుటాల్‌తో చూపు దెబ్బతినకుండా నెలనెలా రంగు చుక్కల్లో దాచిన అంకెలు చదివించేవాళ్లు. లివర్ కోసం రక్తపరీక్షలు సరేసరి.

మందులతో నాకు పెద్ద పేచీ లేదు. వాటికి ఫలానా రోజుతో అయిపోతాయని ఒక తేదీ ఉంది. పేచీ అంతా జబ్బు పేరుతోనే. కాలేజీలో గడువు పొడిగించమని అడిగే ఫారంలో 'ఛాతీ ఇన్‌ఫెక్షన్' అని రాశా. ఇంట్లో ఉన్న నలుగురు తెలుగమ్మాయిలకీ అదే చెప్పా. కానీ మందుల డబ్బా మీద పేరుంటుంది, ఫోన్లో గూగుల్ ఉంటుంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఒకరోజు నా స్టీలు గ్లాసు అడుగున గోళ్లరంగుతో ఎర్రచుక్క కనిపించింది. ప్లేటు వెనకా ఒకటి.

నాకు కోపం రావాలి కదా. రాలేదు. మా తాత చెంబు గుర్తొచ్చింది.

నాకు ఆరేళ్లప్పుడు తాతకి టీబీ వచ్చింది. అప్పట్లో రోజు మార్చి రోజు పోయి, మందిచ్చేవాళ్ల ఎదురుగా మింగి రావాలి. ఆయన మంచం పశువుల కొట్టం పక్క పంచలోకి మార్చారు. ఆయన చెంబు మెడకి మొలతాడు ముక్క ఒకటి కట్టారు, కలిసిపోకుండా. బళ్లోంచి వచ్చేటప్పుడు ఆ పంచ దాటేదాకా ఊపిరి బిగబట్టి పరిగెత్తేదాన్ని. "పాపా" అని పిలిచినా ఆగేదాన్ని కాదు. ఆరు నెలల్లో జబ్బు నయమైంది. తర్వాత ఆయన పదేళ్లు బతికాడు. ఆ తాడు మాత్రం ఎవరూ విప్పలేదు.

మే నెలాఖర్లో, రెండు నెలల మాత్రలూ ఆసుపత్రి లెటరూ సంచిలో పెట్టుకుని, మూడు వారాలకి ఇంటికొచ్చా. నేను రాకముందే అమ్మ ఊరంతా ఒకటే మాట చెప్పి పెట్టింది, "చలికి నిమ్ము చేసింది" అని. నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి, "రేపు సంబంధాలు చూడాల, నోరు జారబాక" అంది. నేనూ సరేనన్నా. ఇంగ్లండులో చేసింది కూడా అదే కదా.

చేపల దగ్గర మాత్రం పెద్ద తంటా వచ్చింది. నా మందుల్లో ఐసోనియాజిడ్ ఒకటి. అది మింగేవాళ్లు ట్యూనా, మాకరెల్ లాంటివి తినకూడదు, మొహం ఎర్రబడి గుండె దడ వస్తుందని కాగితంలో రాసుంది. "అంటే కానాగంతలేగా? కొరమేను వేరే కదా?" అని అమ్మ పులుసు కుండ ముందు నిలబడి నన్ను నిలదీసింది. కొరమేనుని ఇంగ్లీషులో ఏమంటారో వెతికి, లెస్టర్ నర్సమ్మకి మెయిలు పెట్టా. తాజా చేపైతే తినొచ్చని ఆమె జవాబిచ్చేసరికి పులుసుకి రెండోరోజు. మామిడికాయ పులుపు బాగా పట్టి అది ఇంకా బాగుంది.

ఒక మధ్యాహ్నం పందిట్లో కాయలు సర్దుతున్నాం. ఊళ్లో ఆమె ఒకామె కాయలకొచ్చి నన్ను చూసి, "ఏందమ్మా ఇట్టా చిక్కిపోయినావు?" అంది. అమ్మ "నిమ్ము" అని మొదలుపెట్టేలోపే మా నాయనమ్మ మంచం మీదనించే, "నిమ్ము కాదు నీ మొహం కాదు, టీబీ. వాళ్ల తాతకొచ్చిందే. మందు మింగతాంది. నీకేం అంటుకోదులే, కూచో" అంది.

అమ్మ మొహం చూడలేక నేను కాయల వైపు తిరిగా. ఆమె కూర్చోలేదు. పోనూ లేదు. నిలబడే డజను కాయలు బేరమాడింది, మామూలుకంటే ఇంకో పది రూపాయలు తగ్గించమని. నాయనమ్మ ఒక్క రూపాయి కూడా తగ్గనియ్యలేదు.

ఆ రాత్రి నాయనమ్మని అడిగా, తాత చెంబు తాడు ఎందుకు విప్పలేదని. చాలాసేపు పలకలేదు. "ఆయనే వద్దన్నాడు. పిల్లలున్న ఇల్లు, ఎందుకులే అన్నాడు" అంది. ఇంకేమన్నా అడగాలంటే నోరు రాలేదు.

ఆగస్టులో మందులు అయిపోయాయి. 47కి దిగిన బరువు మళ్లీ 53కి వచ్చింది. ఎక్స్‌రేలో కుడివైపు అడుగున చిన్న మచ్చ మిగిలింది, అది ఉంటుంది. ఇకముందు ఎక్కడ తీయించుకున్నా నేనే ముందు చెప్పుకోవాలంట.

పాత అమ్మాయిలు ఒక్కొక్కరే ఖాళీ చేసి పోయారు. సెప్టెంబరులో కొత్త బ్యాచ్‌లో ఒంగోలు అమ్మాయి మా ఇంట్లో దిగింది. ఇంకా పెట్టె కూడా విప్పలేదు, దాహమేస్తోందని వంటింట్లోకొచ్చి అందిన గ్లాసు తీసింది. తిప్పి చూసి, "చుక్క పెట్టుంది, ఎవరిదక్కా ఇది?" అంది.

"నాదే. తాగు."

తాగింది. చుక్క ఎందుకని అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని.