ఇంగ్, ఎడ్ కలపడానికి ముందు క్రియ తోక చూడాలి

పర్లాకిమిడిలో నా దగ్గరికి ట్యూషన్‌కొచ్చే పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆ తర్వాతే ఇంగ్లీషు. వాళ్ల నోట్సులు దిద్దుతుంటే స్పెల్లింగు తప్పులు ఎక్కువగా క్రియ చివరి రెండు మూడు అక్షరాల దగ్గరే కనిపిస్తాయి. అందుకే ముందు క్రియ తోక చూపిస్తాను.

పలకని ‘ఈ’ అక్షరం చివరుంటే ఇంగ్ ముందు తీసేయాలి: మేకింగ్, రైటింగ్. రెండు ఈలుంటే కదపకూడదు: సీయింగ్, అగ్రీయింగ్. రంగు అద్దే డైయింగ్‌లో మాత్రం ‘ఈ’ ఉండిపోతుంది, లేకపోతే చనిపోవడంతో కలిసిపోతుంది.

అసలు చిక్కు అక్షరం రెట్టించడంలో ఉంది. మనం ద్విత్వం రాస్తే ద్విత్వమే పలుకుతాం. ఇంగ్లీషులో ఆ రెండో అక్షరం ముందున్న అచ్చుకి కాపలా, దాన్ని పొట్టిగా ఉంచుతుంది. డైనింగ్ హాల్లో ఎన్ ఒకటి, డిన్నర్లో రెండు. రైటింగ్‌లో టి ఒకటి, రిటెన్‌లో రెండు. స్టాప్, ప్లాన్, సిట్ లాంటి పొట్టి క్రియలకి చివర ఒకే అచ్చు, దాని వెనక ఒకే హల్లు ఉంటే రెట్టించాలి. రెయిన్, కుక్‌లో అచ్చులు రెండు, హెల్ప్‌లో హల్లులు రెండు, కాబట్టి వద్దు. డబుల్యూ, ఎక్స్, వై ఎప్పుడూ రెట్టించవు: షోయింగ్, ఫిక్సింగ్, ప్లేయింగ్.

పొడుగు క్రియల్లో ఊనిక, అంటే మాటలో ఒత్తి పలికే చోటు (స్ట్రెస్), చివరి భాగం మీదుంటేనే రెట్టింపు: బిగిన్, అడ్మిట్, రిఫర్, అకర్. ఓపెన్, విజిట్, ఆఫర్‌లకి ఊనిక మొదట్లోనే, అందుకని చివరి అక్షరం ఒక్కటే. ఆఫర్‌లో ఎఫ్‌లు రెండున్నాయి కదా అని ఆర్ కూడా రెండు పెట్టేస్తారు! చెవితో పట్టుకోమంటే మన పిల్లలకి కుదరదు, తెలుగులో అలాంటి ఊనిక లేదు. నిఘంటువులో ఉచ్చారణ దగ్గర పైన చిన్న నిలువు గీత ఉంటుంది. దాని తర్వాత వచ్చే భాగం మీదే ఊనిక. రిఫరెన్స్‌లో ఆ గీత మొదటికి జరుగుతుంది, ఆర్ ఒకటే మిగులుతుంది.

ట్రావెల్ ఈ లెక్కకి లొంగదు. బ్రిటిష్ పద్ధతిలో ఎల్ రెండు, అమెరికన్‌లో ఒకటి. పరీక్షలో రెండే రాయమంటాను, ఫోన్ ఎర్రగీత గీసినా సరే.

వై ముందు హల్లుంటే ఎడ్, ఎస్ కలిపేటప్పుడు వై ఐ అవుతుంది: స్టడీడ్, స్టడీస్. ఇంగ్ ముందు వై అలాగే ఉంటుంది, రెండు ఐలు పక్కపక్కన పడకూడదు కదా. లై, టై చివరి ‘ఐ’, ‘ఈ’ అక్షరాలు రెండూ ఇంగ్ ముందు వై అయ్యేదీ అందుకే. పే, సే, లే మొండివి, వాటి భూతకాలం బట్టీ పట్టాల్సిందే.

మహేంద్రగిరికి పిక్నిక్ వెళ్లినట్టు రాయాలంటే ఇంగ్ ముందు కె తగిలించాలి. లేకపోతే ఐ ముందున్న సి కాస్తా ఎస్‌లా పలుకుతుంది.