మనం, మేము, కాకుపే కొండ

గ్రాసియాస్ అన్నాను. అంతే, ఆ సాయంత్రం మళ్లీ నా వంతు రాలేదు.

పరాగ్వేలో తెరెరె తాగేటప్పుడు థాంక్స్ చెప్పడమంటే "ఇక చాలు, నాకొద్దు" అని అర్థం. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. డిసెంబరు 7, ఇపకరాయి అనే ఊళ్లో రోడ్డు పక్క చెట్టు కింద కూర్చున్నాం. డిసెంబరంటే అక్కడ వేసవి, బెజవాడ మే నెల గుర్తొచ్చే ఎండ. మా ఆఫీసు మిత్రుడి వాళ్లమ్మగారు ఆవు కొమ్ముతో చేసిన గ్లాసులో (గ్వాంపా అంటారు) యెర్బా ఆకు పొడి నింపి, ఫ్లాస్కులోంచి ఐసునీళ్లు పోసి ఒక్కొక్కరికే అందిస్తున్నారు. ఏడుగురం. గ్లాసు ఒకటే, పీల్చే గొట్టమూ ఒకటే. ఎంగిలి! నాయనమ్మ గొంతు చెవిలో వినిపించింది. స్పానిష్‌లో చెప్పి తప్పించుకుందామంటే ఎంగిలికి సరైన మాటే దొరకలేదు. కళ్లు మూసుకుని పీల్చాను. పచ్చి చేదు, దాని వెనకే నూరిన ఆకుల చల్లదనం. ప్రాణం లేచొచ్చింది. మర్యాదకి గ్రాసియాస్ అన్నాను. తర్వాత ఆ గ్లాసు నా ముక్కు కిందనుంచే నాలుగుసార్లు పోయింది.

నేను సావోపాలోలో ఉద్యోగం చేస్తున్నాను. మిత్రుడిది పరాగ్వే రాజధాని అసున్సియోన్. కొండమీది కాకుపే ఊళ్లో ఉన్న మేరీమాతను కాకుపే మాత అంటారు, ఆవిడ పండగ ఏటా డిసెంబరు 8న. వాళ్లింట్లో అందరూ ముందురోజే బయల్దేరి నడిచి వెళ్తారట. "జహా" అన్నాడు. అంటే 'మనం పోదాం పద'. అదే 'మేం పోతున్నాం, నువ్వు కాదు' అనాలంటే వాళ్ల గ్వారనీ భాషలో రోహో. నాకు ఒళ్లు పులకరించింది. ఇంగ్లీషు, పోర్చుగీసు, స్పానిష్ మూడింటిలోనూ మనానికీ మేముకీ ఒకటే మాట. ఆఫీసులో ఎవరైనా "లంచ్‌కి వెళ్తున్నాం" అంటే ఆ లెక్కలో నేనున్నానా లేదా అని ప్రతిసారీ టెన్షనే. గ్వారనీలో మనానికి ఞాందె, మేముకి ఒరె. మన అక్షరమాలలో ఊరికే కూర్చుని ఉండే ఞ వీళ్లకి రోజూ పనికొస్తోంది!

ఈ భాష మ్యూజియంలో పెట్టింది కాదు. ఆదివాసీలే కాదు, దేశంలో చాలామంది ఇళ్లలో మాట్లాడతారు. 1992 రాజ్యాంగం స్పానిష్‌తో సమానంగా అధికార భాషను చేసింది. డబ్బు పేరు కూడా గ్వారనీయే. రెండు భాషలూ కలిపి మాట్లాడేదాన్ని జోపరా అంటారు. మనం తెలుగులో ఇంగ్లీషు కలిపేసినట్టే, అదే ధీమాతో.

ఎండ తగ్గాక నడక మొదలుపెట్టాం. పదిహేను కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. హైవే అంతా జనం. పిల్లలకి అమ్మవారిలా నీలం బట్టలు వేసి భుజాల మీద మోస్తున్న తండ్రులు, కర్ర సిలువ ఎత్తుకున్న కుర్రాళ్లు. దారి పొడవునా చీపా అమ్మేవాళ్లు. కర్రపెండలం పిండి, జున్నులాంటి చీజు, గుడ్లు, పంది కొవ్వు, సోంపు కలిపి కాల్చిన గుండ్రటి రొట్టె అది. కాల్చే మట్టి పొయ్యి పేరు తతక్వా. తతా అంటే నిప్పు, క్వా అంటే బొక్క. వేడి మీద తింటే సాగుతుంది. చల్లారితే రాయి. నేను రెండూ తిన్నాను.

కొండ ఎక్కుడు మొదలయ్యేసరికి అర్ధరాత్రి దాటింది. నా కుడి బూటు అడుగు ఊడొచ్చింది. అమ్మగారు తన జడకి కట్టుకున్న రిబ్బన్ తీసి నా బూటుకి చుట్టి ముడేశారు. నీలం రిబ్బనే. నడుస్తూ కథ చెప్పారు, మిత్రుడు నాకు స్పానిష్‌లోకి తిప్పాడు. పాత రోజుల్లో హోసే అనే గ్వారనీ శిల్పి ఉండేవాడు. క్రైస్తవం పుచ్చుకున్నాడు. ఎంబయా తెగవాళ్లు తరిమితే ఒక పెద్ద మాను వెనక నక్కి, "తల్లీ, నన్ను కాపాడితే ఈ మానులోనే నీ బొమ్మ చెక్కుతాను" అని మొక్కుకున్నాడు. వాళ్లు పక్కనుంచే పోయారు, చూడలేదు. అతను రెండు బొమ్మలు చెక్కాడు. పెద్దది తొబాతి ఊరి గుడికి వెళ్లింది. చిన్నదాన్ని దగ్గరుంచుకున్నాడు. 1603లో ఇపకరాయి చెరువు పొంగి ఊళ్లు ముంచేస్తుంటే లూయిస్ దె బొలాన్యోస్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి వచ్చి నీళ్లని దీవించాడనీ, వరద తీశాక ఈ చిన్న బొమ్మే తేలుతూ దొరికిందనీ చెబుతారు. బొలాన్యోస్ మాత్రం కథలో మనిషి కాదు, క్రైస్తవ బోధని గ్వారనీలోకి తెచ్చినవాడు. కాకుపేలో కా అంటే ఆకు, కుపే అంటే వెనక. సాయంత్రం నేను వదులుకున్న ఆ గ్లాసులోదీ కా నే.

బసిలికా ముందు తెల్లవారుజామున నిలబడే చోటు లేదు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ వచ్చి పూజ చేసిన గుడి ఇదే. లోపల అమ్మవారు చిన్న బొమ్మ, ఒంటి మీద నీలం వస్త్రం. నాకు గుణదల గుర్తొచ్చింది. మేం హిందువులమే. అయినా నాయనమ్మ ఏటా ఫిబ్రవరిలో నన్ను గుణదల మాత కొండకి తీసుకెళ్లేది. అక్కడ కొబ్బరికాయ కొట్టేది, ఎవరినీ అడిగేది కాదు. ఇక్కడ కాయ లేదు కానీ వాసన ఉంది. డిసెంబరులో వీళ్లు ఒక రకం కొబ్బరి చెట్టు పూగెలలు తెచ్చి క్రిస్మస్ పశువుల పాకలో పెడతారు. వీధిలో ఒకామె అమ్ముతోంది. తేనెలాంటి ఆ వాసనకి కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ప్రార్థన గ్వారనీలో మొదలైంది. "ఒరె రు..." అన్నారు వేలమంది. రు అంటే తండ్రి. ఒరె, అంటే మా. దేవుడితోనే మాట్లాడుతున్నారు కదా, ఆయన్ని కలుపుకుని 'మన తండ్రీ' అంటే కుదరదు. తెలుగులోనూ అంతే, "పరలోకమందున్న మా తండ్రీ". చిన్నప్పుడు మిషన్ బడిలో ఎన్నిసార్లు చెప్పానో, ఆ 'మా' మీద ఒక్కసారీ ఆగలేదు.

తర్వాత తుపాసి ఇక్వా దగ్గరికి వెళ్లాం. అమ్మవారి ఊట. తుపా అంటే దేవుడు, సి అంటే తల్లి. (ఆ చివరి అచ్చు ఇ కీ ఉ కీ మధ్యలో పలకాలి. నాకు రాలేదు. అమ్మగారు నవ్వీ నవ్వీ అలసిపోయారు.) సీసాలు, క్యాన్లు పట్టుకుని జనం బారులు తీరారు. ముఖం కడుక్కుని ఒక సీసా నింపుకున్నాను.

తిరుగు బస్సులో ఆవిడకి 'మా తండ్రీ' సంగతి చెప్పాను. నమ్మలేదు. "అయితే ఞాందెకి మీ మాటేంటి?" అన్నారు. మనం అన్నాను. "మనమ్, మనమ్" అని వెనక సీట్లో చెల్లెలికి కూడా నేర్పి, సంచిలోంచి గ్వాంపా తీశారు. పోసి ఇచ్చారు. పీల్చాను, ఏమీ అనకుండా గ్లాసు వెనక్కిచ్చాను. మళ్లీ వచ్చింది. మళ్లీ ఇచ్చాను. అసున్సియోన్ వచ్చేలోపు ఐదుసార్లు తాగాను. బస్సు మధ్యలో ఎక్కడా ఆగదని మాత్రం అప్పుడు తెలీదు.