సెప్టెంబర్ 31, గురువారం

కమిటీ వాళ్ళకి ముందు ఒక మాట. మీరు పంపిన ఉత్తరంలో మనమంతా కలిసే రోజు 2026 జనవరి 11 శనివారం అని వేశారు. 11 ఆదివారం. నా పేరు పక్కన ఈ తప్పు రాసి ఉంచండి, రిజిస్టర్ దొరికాక ఎక్కిద్దాం.

కాలేజీ జ్ఞాపకాలు రాయమన్నారు. నాకు కాలేజీ అంటే గురువారం మధ్యాహ్నం మ్యాథ్స్ క్లబ్బే. రెండో ఏడాది మొత్తం మీద 86 ఆగస్టు గోదావరి వరద ఒక్కటే గుర్తుంది, కొవ్వూరు బ్యాచ్ వారం రోజులు కాలేజీకి రాలేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎవరు చెప్పారో కూడా ఆలోచిస్తే గానీ తట్టడం లేదు, వాళ్ళు క్షమించాలి.

మన లెక్కల మాస్టారు ఎల్.హెచ్.ఎస్. గారి నోటీసు మాత్రం అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "గణిత సంఘం మొదటి సమావేశం, సెప్టెంబర్ 31, గురువారం, సాయంత్రం 4.30." అందరూ చదివారు, తల ఊపి వెళ్ళిపోయారు. నేనూ, మనం తీగ అని పిలిచే స్నేహితురాలూ స్టాఫ్ రూము గుమ్మం దగ్గర పది నిమిషాలు నిలబడి, ధైర్యం చేసి లోపలికెళ్ళి "మాస్టారూ, సెప్టెంబర్‌కి ముప్పయ్యే కదండీ" అన్నాం. ఆయన ఏమీ మాట్లాడకుండా సొరుగులోంచి ఆ ఎర్ర అట్ట రిజిస్టర్ తీశారు. పేరు, తేదీ, పట్టుకున్న తప్పు. అంతే. తప్పు పట్టుకుంటే సభ్యత్వం, ఫీజు లేదు, మార్కులు అడగలేదు. నా నంబరు 14, తీగది 15. నాకు ఇంటర్ మ్యాథ్స్‌లో ఎన్ని వచ్చాయో ఆయన ఆ మూడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

4.30కి మీటింగంటే మాకు పాసింజరు అందదు, ఇంట్లో ఊరుకోరు. ఆ మాట చెప్పగానే వచ్చే వారం నుంచి మధ్యాహ్నం భోజనాల వేళకి మార్చేశారు. హాస్టల్ అబ్బాయిలు గొణిగారు. "ఆడపిల్లలు రాని సంఘంలో సగం తప్పులు ఎవరు పడతారు?" అన్నారు మాస్టారు. టిఫిన్ బాక్సుల కమిటీ పుట్టింది ఆ రోజే.

6174 వారం గుర్తుందా? దేవ్‌లాలీలో బడిపంతులు కప్రేకర్ కనిపెట్టిన సంగతి మాస్టారు చెప్పారు. నాలుగంకెలు, అన్నీ ఒకటే కాకూడదు, పెద్ద నుంచి చిన్నకి ఒకసారి, చిన్న నుంచి పెద్దకి ఒకసారి పేర్చి తీసెయ్యాలి, వచ్చినదానితో మళ్ళీ అదే పని, చివరికి 6174 దగ్గరే ఆగుతుంది. నా సీజన్ టికెట్ చివరి నాలుగంకెలు 3087. రెండు తీసివేతల్లో 6174 వచ్చేసింది. వంతెన దాటేలోపు పెట్టెలో సగం మంది టికెట్లు తీసి లెక్కలు కడుతున్నారు, టీసీ గారితో సహా.

అసలు రాయాల్సింది 87 డిసెంబర్ 22 గురించి. రామానుజన్ శతజయంతి, మంగళవారం. దానికి మూడు వారాల ముందు మాస్టారు బోర్డు మీద నాలుగు గడులు గీసి 22, 12, 18, 87 అని రామానుజన్ పుట్టినరోజు రాసి, కింద పన్నెండు ఖాళీ గడులు వదిలేసి వెళ్ళిపోయారు. ఎటు కూడినా 139 రావాలి. మనం చించిన కాగితాలు తూకానికేస్తే ఆ రోజుల్లో టీ ఖర్చు వచ్చేది. చివరికి కుదిరింది: 88, 17, 9, 25, తర్వాత 10, 24, 89, 16, చివర 19, 86, 23, 11. అడ్డం, నిలువు, మూలలు, మధ్య నాలుగు గడులు, అన్నీ 139. పాదరసం (అదీ మనం పెట్టిన పేరే) బల్ల మీదకెక్కి అరిచిన అరుపుకి పక్క క్లాసు ఇంగ్లీషు పాఠం ఆగిపోయింది.

ధనుర్మాసం కదా, దాన్ని ముగ్గు వేద్దామన్నది నేనే. తెల్లవారే బండికి వచ్చి మెయిన్ బిల్డింగు ముందు నీళ్ళు చల్లి పదహారు గడులు వేశాం, అంకెలకి పసుపూ కుంకుమా. అతిథిగా ఆ రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు వచ్చారు. తెల్ల పంచె, చేతికర్ర. అందరూ లోపలికి రమ్మంటున్నా ఆయన కదల్లేదు, ముగ్గు ముందు నిలబడి పెదాలు కదుపుతున్నారు. కాసేపటికి "ఈ వరస 121 వస్తోందే" అన్నారు. నా గుండె ఆగినంత పనైంది. ఆయన ఇంకా చూసి, "ఈ నిలువూ 121. మిగతావి సరే. అయితే రెండూ కలిసే గడిలోనే ఉంది తప్పు" అని కర్రతో చూపించారు. 86 బదులు 68. ఎవరు వేశారో ఇప్పటికీ చెప్పను, తనకి తెలుసు.

మనమంతా తలలు దించుకుని ఉంటే ఎల్.హెచ్.ఎస్. మాస్టారు పరుగున వెళ్ళి రిజిస్టర్ తెచ్చారు. శాలువా కప్పక ముందే సంతకం పెట్టించారు. సభ్యుడు నంబరు 61. ఆ పెద్దాయన పంచె ఎగగట్టి వంగి, తప్పు చెరిపి, తన చేత్తో ముగ్గు పట్టి 86 దిద్దారు. ఆ రోజు ఉపన్యాసాలు ఏమిటో నాకు గుర్తులేవు.

పోయిన ఏడాది న్యూజెర్సీలో తమ్ముడింటికి వెళ్ళాను. ఇంజినీరింగ్ మూడో ఏడాది చదివే నా మేనకోడలికి టా బీటా పై సభ్యత్వం వచ్చింది. చదువులో ముందున్న ఇంజినీరింగ్ విద్యార్థుల కోసం 1885లో అమెరికాలో లీహై యూనివర్సిటీలో మొదలైన సంఘం. మూడో ఏడాదిలో క్లాసులో పై ఎనిమిదో వంతులో ఉండాలి, నాలుగో ఏడాదైతే ఐదో వంతు. దాని గుర్తు రైలు వంతెన కింద ఉండే కాలు ఆకారం. కాలేజీ ఆనవాయితీ ప్రకారం ఆ లోహపు ముక్కని రోజుల తరబడి రుద్ది మెరుగు పెట్టి, మసి చేతులతో ఇంటికొచ్చి చూపించింది. నాకు గోదావరి మీది మన హేవలాక్ రైలు వంతెనే కనిపించింది. 1969 దాకా ఆడపిల్లలకి అందులో పూర్తి సభ్యత్వం లేదట, బ్యాడ్జి మాత్రం ఇచ్చేవారట. పిల్లని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. ముగ్గు కథ చెబితే, "అత్తా, డేటాలో తప్పు పడిన బిట్‌ని పట్టుకోవడానికి మాకు క్లాసులో చెప్పింది ఇదే పద్ధతి" అంది. హెడ్మాస్టర్ గారు వింటే ఎంత సంతోషించేవారో.

నేను 1990లో ఎల్ఐసీలో అసిస్టెంటుగా చేరాను. ఇద్దరు పిల్లల్ని పడుకోబెట్టాక రాత్రిళ్ళు చదివి యాక్చువరీ (బీమా లెక్కల నిపుణుల) పేపర్లు ఒక్కొక్కటే రాసి 2003లో పూర్తిచేశాను. తర్వాత ముంబైలో ఎల్ఐసీ ప్రధాన కార్యాలయం యోగక్షేమలో పన్నెండేళ్ళు పనిచేశాను. మా సెక్షన్లో కొత్తవాళ్ళు ఎవరొచ్చినా మొదటి రోజు వాళ్ళకి ఒక తప్పు ఉన్న షీటు ఇచ్చేదాన్ని.

పరీక్షలు పూర్తయిన వారమే రాజమండ్రి దానవాయిపేటలో మాస్టారింటికి వెళ్ళాను. ఏ వయసులో ఎందరు పోతారో లెక్క చెప్పే 94–96 మరణాల పట్టిక చూపిస్తే గంటసేపు వదల్లేదు. 70 ఉన్న వరస మీద వేలు పెట్టి, చదివి, "ఇది అందరి సగటు కదమ్మా, నాది కాదు" అని నవ్వారు. ఆ తర్వాత ఇంకో ఎనిమిదేళ్ళు ఉన్నారు.

ఆయన పోయాక పుస్తకాలు సర్దినప్పుడు ఎర్ర అట్ట రిజిస్టర్ అందులో లేదట. చివరి ఏడాది సెక్రటరీ పాదరసం. నువ్వు దాన్ని పారెయ్యవని నాకు తెలుసు. అటక మీద వెతుకు, తీసుకుని రా. 11న. ఆదివారం.