ముసురులో గాజు పగులు

ప్రయోగశాల తలుపు తీయగానే ఈ ఉదయం మొదట గోడమీది తేమ మీటరును చూశాను. 88 శాతం. రథయాత్ర వెళ్ళాక బరంపురంలో ముసురు పట్టిందంటే దసరా దాకా ఈ అంకె పెద్దగా దిగదు. గోపాలపురం సముద్రపు గాలి తిన్నగా మన ఊరిమీదికే వస్తుంది. ఇలాంటి రోజుల్లో గాజు పరీక్షలను చలికాలానికి వాయిదా వేసుకునేవారు ఉన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. గాజు పగులుకు నీటి ఆవిరితో ఉన్న సంబంధాన్ని కంటితో చూపించాలంటే మా జిల్లాలో ఇంతకన్న మంచి కాలం లేదు.

మూడో సంవత్సరం పిల్లలు పదిన్నరకు వచ్చారు. సగం మంది ఒడియా పిల్లలు, సగం మంది మన తెలుగు పిల్లలు; పాఠం ఇంగ్లీషులో మొదలై, సందేహాలు మాత్రం ఎవరి భాషలో వారికి తీరుతాయి. గాజు అణువుల మధ్య బంధాలను లెక్క కట్టి చూస్తే అది ఎంత బలానికి నిలవాలో, నిజంగా విరిగేటప్పుడు అందులో నూరో వంతు బలానికే ఎందుకు లొంగిపోతుందో ముందుగా అడిగాను. 1913లో ఇంగ్లిస్ అనే ఇంజనీరు, పలకలో దీర్ఘవృత్తాకారపు రంధ్రం ఉంటే దాని కొన దగ్గర ఒత్తిడి ఎన్ని రెట్లు పెరుగుతుందో లెక్క కట్టి చూపించాడు. కొన ఎంత సూదిగా ఉంటే అంత ఎక్కువ. 1921లో గ్రిఫిత్ ఆ లెక్కను గాజు దగ్గరికి తెచ్చాడు. ఆయన గాజు గొట్టాలకు, బుడ్లకు కావాలని పగుళ్ళు పెట్టి, లోపలి పీడనం పెంచి పగలగొట్టాడు. పగులు పొడవుకు వర్గమూలం తీసి, విరిగినప్పటి ఒత్తిడితో గుణిస్తే వచ్చే విలువ పగులు చిన్నదైనా పెద్దదైనా దాదాపు ఒకటిగానే ఉందని తేల్చాడు. కాబట్టి యంత్రం చూపించే అంకె ఒట్టి గాజు బలం కాదు, ఆ ముక్కలో దాగిన అతి పెద్ద పగులు సంగతి కూడా అందులో ఉంటుంది. ఇది పిల్లలకు వినగానే అర్థమవుతుంది కాని, నమ్మకం మాత్రం చూస్తేనే కుదురుతుంది.

చూపించడానికి నేను వాడేది కాఠిన్యం కొలిచే విక్కర్స్ యంత్రమే. మామూలు సూక్ష్మదర్శిని గాజు పలక మీద ఒక కిలో బరువుతో పిరమిడ్ ఆకారపు వజ్రపు మొనను దించి, కాసేపు ఉంచి, పైకి తీశాము. మధ్యలో చిన్న చతురస్రపు గుంట, దాని నాలుగు మూలల నుంచి బయటికి సాగిన నాలుగు సన్నని గీతలు. బరువు తీసేసి అప్పటికి కొన్ని నిమిషాలు. తెర మీది స్కేలును పక్కన పెట్టి పిల్లల చేత మళ్ళీ కొలిపించాను. గీతలు ఇంకొంచెం సాగాయి. ఎవరూ ముట్టుకోలేదు, పైన బరువూ లేదు. గుంట చుట్టూ గాజులో మిగిలిపోయిన ఒత్తిడి లాగుతూనే ఉంటుంది, గాలిలోని నీరు పగులు కొన దాకా చేరి అక్కడ సాగి ఉన్న సిలికాన్, ఆక్సిజన్ బంధాలను ఒక్కొక్కటిగా తెంచుతుంది. పక్కనే మరో చోట ముందుగా సిలికోన్ నూనె చుక్క వేసి, ఆ చుక్కలోంచే మొనను దించాము. అక్కడి గీతలు పొట్టిగా ఉండిపోయాయి, మళ్ళీ కొలిచినప్పుడు తేడా కనిపించీ కనిపించనట్లు ఉంది. వెనక బెంచీలో ఎప్పుడూ ఫోను చూసుకునే కుర్రవాడు కూడా లేచి ముందుకు వచ్చాడు.

గాజు పగులు వేగం మీద తేమ ప్రభావాన్ని పద్ధతిగా కొలిచి 1967లో ప్రచురించినవాడు వీడర్‌హార్న్. తేమ పెరిగే కొద్దీ అదే బలానికి పగులు మరింత త్వరగా పాకుతుందని ఆయన గీసిన రేఖలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. కిటికీ అద్దం ఏళ్ళ తరబడి బాగానే ఉండి, ఒకనాడు ఏ దెబ్బా తగలకుండా చిట్లిపోవడానికి ఒక కారణం ఈ నెమ్మది పాకుడే. బలం ఒక హద్దు దాటిన తరువాత కథ వేరు. మామూలు గాజులో పగులు సెకనుకు సుమారు 1,500 మీటర్ల దాకా పరుగెత్తి, ఆ పైన వేగం పెరగక కొమ్మలుగా చీలుతుంది. విరిగిన అంచును దీపానికి అడ్డంగా పట్టుకుంటే పగులు పుట్టిన చోట అద్దంలా నున్నగా, తరువాత మసకగా, ఆ తరువాత గరుకు చారలుగా కనిపిస్తుంది. పగులు ఎక్కడ మొదలైందో చెప్పడానికి నాకు యంత్రం కన్న ఆ అంచే ఎక్కువ ఆధారం.

మధ్యాహ్నం రాయి వంతు. క్వారీ నుంచి తెప్పించిన గ్రానైట్ దిమ్మ నుంచి 54 మిల్లీమీటర్ల వ్యాసం, అందులో సగం మందం ఉన్న బిళ్ళలు కోసి ఉంచాము. రాయిని పట్టుకుని లాగి తెంచడం కష్టం కాబట్టి బిళ్ళను నిలబెట్టి పైనుంచి నొక్కుతారు, అడ్డంగా పుట్టే లాగుడుకు అది నిలువునా చీలుతుంది. బ్రెజిల్ పరీక్ష అని దీనికి పేరు. ఆ కొలతల బిళ్ళ 23 కిలోన్యూటన్ల దగ్గర చీలితే లాగుడు బలం 10 మెగాపాస్కళ్ళు అవుతుంది. అదే గ్రానైట్ నొక్కుడుకు అంతకు పది రెట్లు మించి నిలుస్తుంది. గ్రిఫిత్ లెక్క ఎనిమిది రెట్లే అంటుంది. నొక్కినప్పుడు పగులు పెదవులు మూసుకుని ఒకదానిమీద ఒకటి రాసుకుంటాయన్నది ఆ లెక్కలో లేదు, అందుకే రాయి దాన్ని మించుతుంది.

దిమ్మతో పాటు వచ్చిన క్వారీ మేస్త్రి ఇంకా వెళ్ళలేదు. వడ్డెర మావయ్య, నలభై ఏళ్ళుగా సమ్మెట పట్టినవాడు.

"మావయ్యా, ఈ రాయి ఎటు చీలుతుందంటారు?" అని అడిగాను.

దిమ్మ మీద నీళ్ళు చల్లి, అరచేత్తో తడిమి, సుద్దముక్కతో ఒక గీత గీశాడు. "ఇటు చీలలేస్తే తిన్నగా ఎల్లిపోద్దమ్మా. అటేస్తే సెక్కలెగిరిపోద్ది, రాయి పాడు."

గ్రానైట్‌లో కంటికి ఆనని సన్నపగుళ్ళు చాలావరకు ఒకే వాటంగా పడుకుని ఉంటాయి, రాయి చల్లారినప్పుడు, నేల కదిలినప్పుడు ఏర్పడినవి. ఆయన చెయ్యి వెతికింది ఆ వాటాన్నే. బలం ఆ గీత వెంట పడేలా కొన్ని బిళ్ళలను, అడ్డంగా పడేలా కొన్నింటిని పెట్టి పరీక్షించాము. గీత వెంట పెట్టినవి తక్కువ బరువుకే, నడిమి నుంచి తిన్నగా రెండు చెక్కలయ్యాయి. అడ్డంగా పెట్టినవాటిలో ఒకటి యంత్రం నొక్కే చోట నలిగి చిట్లింది. పగులు నడిమధ్య పుట్టలేదు కాబట్టి ఆ ఫలితం లెక్కకు రాదు. మా యంత్రం పాతది, ఫ్రేము మెత్తన. రాయి లొంగగానే ఫ్రేములో దాగిన శక్తి అంతా ఒక్కసారిగా బిళ్ళ మీద పడుతుంది, అందుకే చీలిన తరువాత ఏం జరిగిందో గ్రాఫులో వెతకడం దండగ.

చివర్లో ఒక అమ్మాయి, "మేడమ్, ఈ ఒక్క విలువ మరీ తక్కువగా ఉంది, తీసేయమంటారా?" అని అడిగింది. బిళ్ళ నడిమధ్యే చీలింది, కోతలో లోపం లేదు, కాబట్టి తీయవద్దన్నాను. పెళుసు వస్తువుల్లో విలువలు చెదిరి ఉండటమే సహజం. ఎంత బలానికి వస్తువు విరిగే అవకాశం ఎంతో చెప్పే సూత్రాన్ని స్వీడన్ ఇంజనీరు వైబుల్ 1939లో కట్టింది ఆ చెదురు మీదనే. అతి తక్కువ విలువలు తీసేస్తే ఆ సూత్రానికి మిగిలేది ఏమీ లేదు. అందరికీ సగటు ముద్దు. వంతెన రాయి కూలేది సగటు పగులు వల్ల కాదని పిల్లలకు చెప్పడం ప్రతి ఏడూ ఉంటుంది.

గాజు ఫలితాలు అడిగిన సంస్థ పంపిన ఫారంలో ఉష్ణోగ్రతకు గడి ఉంది, తేమకు లేదు. 88 శాతం అని రిమార్కుల చోట రాసి, నూనె చుక్కతో తీసిన కొలతలను వేరే కాగితం మీద జత చేశాను. సిలికా జెల్ పెట్టిన మూత పెట్టెలో అదే పలకలను రెండు రోజులు ఆరబెట్టి మళ్ళీ కొలవాలని పిల్లలకు సోమవారానికి పని అప్పగించాను.