ఒక ‘ఎ’, ఒక ‘టి’: నా మొదటి రోమన్ నాణేన్ని గుర్తుపట్టిన అనుభవం

నా దగ్గర పాత నాణేలు నలభై దాకా ఉన్నాయి. కానీ ఎవరిది, ఏ ఊళ్లో కొట్టారు, ఏ ఏళ్లలో కొట్టారు అని ఎవర్నీ అడక్కుండా మొదటిసారి నేనే తేల్చుకున్న నాణెం ఒకటుంది, దాని గురించే ఇది. ఈ హాబీలోకి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది నాణెం కొని, డబ్బాలో పెట్టి, “రోమన్‌ది” అని చెప్పి అక్కడితో ఆగిపోతున్నారు, నేనూ చాలాకాలం అక్కడే ఆగాను. అసలు ఆనందం ఆ తర్వాతే ఉంది.

మట్టి పట్టిన చిన్న కంచు నాణేలు కొన్ని ఒక లాట్‌గా తీసుకున్నాను, ఎక్కడినుంచి వచ్చాయో కాగితాలు సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాకే. వాటిలో మొదటిదాన్ని చేజేతులా పాడుచేశాను. తొందరపడి నిమ్మరసంలో వేశాను, పావుగంటలో పచ్చటి పొర పోయింది, దాంతోపాటు ముఖమూ పోయింది, గుంటలు పడ్డ ఎర్రటి రాగి మిగిలింది. ఇలాంటి నాణేల్లో చాలాసార్లు కళ్లు, జుట్టు, అక్షరాల అంచులు ఆ పచ్చపొరలోనే నిలిచి ఉంటాయట, కింద లోహంలో ఏమీ మిగలదు. పదిహేడు వందల ఏళ్లు నిలిచినదాన్ని నేను పావుగంటలో చెరిపేశానన్న బాధ ఇప్పటికీ పోలేదు. దయచేసి ఎవరూ నిమ్మరసం, వెనిగర్, ఇత్తడి పాలిష్ జోలికి వెళ్లకండి.

రెండోదాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మారుస్తూ మూడు వారాలు ఆగాను. మెత్తబడ్డ మట్టిని భూతద్దం కింద చెక్క పుల్లతో కొంచెం కొంచెంగా తీశాను. లేత ఆకుపచ్చ పొడి రాలుతుందేమోనని మాత్రం రోజూ టెన్షన్‌గా చూసేవాణ్ని, ఎందుకంటే అది కంచుకు పట్టే తెగులు, తేమ తగిలితే నాణేన్ని లోపలికంటా తినేస్తుంది. అదృష్టం, అది లేదు.

తూకం 2.3 గ్రాములు, వ్యాసం 17 మిల్లీమీటర్లు. వెనక వైపు ఇద్దరు సైనికులు ఎదురెదురుగా ఈటెలు, డాళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, మధ్యలో రెండు ధ్వజాలు. చుట్టూ విడివిడిగా కనబడుతున్న అక్షరాలను కలిపితే ‘గ్లోరియా ఎక్సెర్సిటుస్’, అంటే సైన్యపు కీర్తి. ఇది చాలా మామూలు రకమే, రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కాలంలో లెక్కలేనన్ని కొట్టారు. ఇక్కడ చూడాల్సింది ధ్వజాలు ఎన్ని అని. రెండున్నవి సాధారణంగా క్రీ.శ. 330 నుంచి 335 వరకు వచ్చినవి, తర్వాత నాణెం బరువు తగ్గించినప్పుడు ధ్వజాలూ ఒకటికి తగ్గాయి, అవి గ్రామున్నర దగ్గర తూగుతాయి. నాది బొమ్మలోనూ తూకంలోనూ మొదటి రకానికే సరిపోయింది.

ముందు వైపుకొస్తే ‘కాన్‌స్టాంటినుస్’ అని దాదాపు పూర్తిగా చదవగలిగాను, చదివి అయిపోయిందనుకున్నాను. కాలేదు. తండ్రి పేరూ అదే, పెద్ద చక్రవర్తి. కొడుకు పేరూ అదే, అప్పటికి యువరాజు. తేడా ఆ పేరు తర్వాత వచ్చే బిరుదులో ఉంటుంది, సరిగ్గా అక్కడే నాణెం అరిగిపోయింది. తల మీద ఏముందో చూడాలి: ఈ రకంలో తండ్రికి రత్నాల పట్టీ, కొడుకుకు ఆకుల దండ. నాకు కనిపిస్తున్నవి ఆకులో రత్నాలో రెండు రోజులు తేలలేదు. చివరికి గదిలో లైట్లన్నీ ఆపి, ఒక చిన్న టార్చిని టేబుల్‌కి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పెట్టి నాణేన్ని మెల్లగా తిప్పాను. పైనుంచి పడే వెలుగులో నున్నగా ఉన్న చోట నీడలు లేచాయి. అరిగిన భాగంలో రెండు వాలు గీతలు పైన కలుస్తూ కనిపించాయి, ‘ఎ’ అక్షరం కాళ్లు! తండ్రి బిరుదు ‘మాక్స్ ఎవిజి’లో (మాక్సిముస్ అగస్టుస్‌కి పొట్టిరూపం) ‘ఎ’ ఉంది, కొడుకు బిరుదు ‘ఐవిఎన్ ఎన్ఓబి సి’లో (జూనియర్, నోబుల్ సీజర్ అని) ఎక్కడా లేదు. అదే వెలుగులో తల మీద కూడా గుండ్రటి రత్నాలు వరసగా తేలాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక టంకశాల. సైనికుల కాళ్ల కింద గీత, ఆ గీత కింద ‘సిఓఎన్ఎస్’ కనిపించగానే కాన్‌స్టాంటినోపుల్ అని రాసేసుకున్నాను. 330లోనే కదా ఆ కొత్త రాజధానిని ప్రారంభించింది, నా చేతిలో ఆ నగరపు తొలి నాణేల్లో ఒకటి ఉందని పొంగిపోయాను. అమెరికన్ న్యుమిస్మాటిక్ సొసైటీ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టిన ‘ఓసీఆర్ఈ’ అనే రోమన్ నాణేల జాబితాలో వెతికితే మాత్రం ఎంతకీ కుదరలేదు. కాన్‌స్టాంటినోపుల్‌లో ‘సిఓఎన్ఎస్’ తర్వాత, టంకశాలలోని ఏ కార్ఖానాలో కొట్టారో చెప్పే నంబరుగా ఒక గ్రీకు అక్షరం వస్తుంది. నాదాంట్లో వచ్చింది ‘టి’. దాన్ని గీతేమో అనుకుని వారం రోజులు పక్కన పెట్టాను, ఎందుకంటే నాకు కాన్‌స్టాంటినోపుల్ కావాలి. తీరా చూస్తే గాల్‌లోని, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని, ఆర్ల్ పట్టణానికి కాన్‌స్టాంటైన్ హయాంలోనే కాన్‌స్టాంటినా అని పేరు మార్చారు, అక్కడి గుర్తు ‘సిఓఎన్ఎస్‌టి’. ముందు ‘పి’ ఉంటే మొదటి కార్ఖానా, ‘ఎస్’ ఉంటే రెండోది.

నాణెం మీద పేరు చదివినంత మాత్రాన మనిషి దొరకడని తర్వాత మధ్యయుగ నాణేల్లో ఇంకా బాగా తెలిసింది. 1180 నుంచి 1247 దాకా ఇంగ్లండ్‌లో కొట్టిన షార్ట్ క్రాస్ పెన్నీల (వెనక వైపు పొట్టి శిలువ ఉండే చిన్న వెండి నాణేల) మీద రాజు పేరు ‘హెన్రికుస్’ అనే ఉంటుంది, మధ్యలో రిచర్డ్, జాన్ పాలించినా సరే. అక్కడ వెనక వైపున్న టంకశాల మనిషి పేరు, ఊరి పేరు, అక్షరాల తీరు చూసి కాలం తేల్చాలి. దీనికి పూర్తిగా ఎదురు ఉమయ్యద్ దిర్హములు, అంటే తొలి ఇస్లామిక్ రాజవంశాల్లో ఒకటైన ఉమయ్యద్‌ల వెండి నాణేలు, అరబిక్ అక్షరాలు కూడబలుక్కోవడం వస్తే ఏ ఊళ్లో, ఏ హిజ్రీ సంవత్సరంలో కొట్టారో మాటల్లోనే రాసి ఉంటుంది, నాకు అవంటే అందుకే ప్రాణం.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఫొటోలతో పోల్చేటప్పుడు అచ్చం మనదానిలాంటిదే, అదే గుంట అదే చోట, అదే అరుగుదల, అంచు అదే వంకరతో దొరికితే అనుమానించాలి. సుత్తితో కొట్టిన నాణేలు ఒకే అచ్చువైనా ఒకేలా అరగవు, అలా ఉన్నాయంటే మూసలో పోసిన నకిలీలు అయ్యుంటాయి.

ఇప్పుడు నా నాణెం ఒక చిన్న కాగితం కవర్లో ఉంది. పైన పెన్సిల్‌తో రాసుకున్నాను: మొదటి కాన్‌స్టాంటైన్, ఆర్ల్, 330–335, 2.3 గ్రాములు. కార్ఖానా దగ్గర ప్రశ్నార్థకం పెట్టాను. ‘సి’కి ముందు అరిగిన చోట, వెలుగు పక్కనుంచి పడితే, ఒక నిలువు గీతలాంటిది కనిపిస్తుంది, అది ‘పి’కి కాలు కావచ్చు. నేను కావాలనుకోవడం వల్ల కనబడుతోందో నిజంగా ఉందో ఇంకా తేల్చుకోలేదు, అందుకే ప్రశ్నార్థకాన్ని చెరపలేదు.